ఇంటి గాలిమరల డీలర్‌షిప్: డిపాజిట్ కట్టే ముందు చూడవలసినవి

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చివరి సంవత్సరం చదువుతున్నాడు. ఇళ్ల మీద చిన్న గాలిమరలు బిగించే వ్యాపారం పెడతానంటున్నాడు. ఒక సంస్థ డీలర్‌షిప్ ఇస్తామని, అందుకు డిపాజిట్ కట్టమని అడుగుతోంది. చుట్టుపక్కల కొండల మీద ఇన్ని మరలు తిరుగుతుంటే ఇంటి మీద ఎందుకు తిరగదని వాడి వాదన. కట్టమంటారా?

సమాధానం: ఇప్పుడే కట్టవద్దు. మీ అబ్బాయి ఆసక్తి మంచిదే గాని, ఆ వాదనలో ఒక లెక్క తప్పిపోయింది.

గాలిలో ఉండే శక్తి వేగానికి ఘనంగా మారుతుంది, అంటే వేగం సగానికి తగ్గితే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కొండ మీది పెద్ద మరల ఇరుసు నేల నుంచి దాదాపు 80 మీటర్లో, అంతకంటే పైనో ఉంటుంది. డాబా మీద బిగించే మరకు పది మీటర్ల ఎత్తు దొరకడమే కష్టం, అక్కడ చెట్లూ, పక్కింటి వాటర్ ట్యాంకులూ గాలిని అడ్డుకుని సుడులు తిప్పుతాయి. రెండు మీటర్ల వ్యాసం ఉన్న మరను తీసుకోండి. దాని మీద '1 కిలోవాట్' అని రాసి ఉంటే, ఆ అంకె సాధారణంగా సెకనుకు 11, 12 మీటర్ల గాలికి వర్తిస్తుంది, అంటే గంటకు సుమారు 40 కిలోమీటర్ల ఈదురుగాలి. అదే మరకు సెకనుకు 4 మీటర్ల గాలి తగిలితే, యంత్రంలోని నష్టాలన్నీ పోగా చేతికి వచ్చేది దాదాపు 30 వాట్లు. ఆ గాలి రోజంతా ఆగకుండా వీచినా ముప్పావు యూనిట్ కూడా రాదు. గాలి హెచ్చుతగ్గులతో వీస్తుంది కాబట్టి అది రెట్టింపు కావచ్చు, అంతే. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ సౌర ఫలకాలు సగటున రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తాయి.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. బ్రిటన్‌లో 2007 నుంచి ఏడాదికి పైగా భవనాల మీద బిగించిన చిన్న మరలను కొలిచి చూసిన వార్విక్ పరీక్షల్లో, ఆపి ఉంచిన సమయాన్ని కూడా కలుపుకుంటే, అవి పూర్తి సామర్థ్యంతో నడిస్తే రావలసిన విద్యుత్తులో సగటున ఒక శాతం కూడా ఉత్పత్తి చేయలేదు. గాలికి పేరుపడ్డ దేశంలోనే పరిస్థితి అది.

అయితే చిన్న మరకు చోటే లేదని అనను. కరెంటు స్తంభం చేరని కొండవాలులో, చుట్టూ 150 మీటర్ల వరకు ఉన్న ప్రతి అడ్డుకంటే రెక్కలు కనీసం తొమ్మిది మీటర్లు పైన ఉండేలా టవర్ నిలబెట్టగలిగితే, మబ్బుపట్టిన నైరుతి రుతుపవనాల రోజుల్లో సౌర ఫలకాల లోటును అది కొంత పూడుస్తుంది. కాని అటువంటి గిరాకీ ఒక మండలంలో ఎన్ని ఇళ్లకు ఉంటుందో మీరే లెక్క వేసుకోండి. ఇంటి పైకప్పు సౌర విద్యుత్తుకు మాత్రం 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు, ఆపైన, కేంద్రం 78,000 రూపాయల రాయితీ ఇస్తోంది. కొనేవారు అటువైపే వెళతారు.

అందుచేత మీ అబ్బాయి ముందుగా డిప్లొమా పూర్తి చేసి, ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ పర్మిట్ సంపాదించుకుని, పైకప్పు సౌర వ్యవస్థలు బిగించే గుత్తేదారు దగ్గర ఒకటి రెండేళ్లు పని నేర్చుకోవాలి. ఇన్వర్టరు, ఎర్తింగ్, పిడుగుల నుంచి రక్షణ, నెట్ మీటరింగ్ (ఇంట్లో మిగిలిన కరెంటును లైనుకు పంపి లెక్క కట్టే పద్ధతి) దరఖాస్తు అన్నీ చేతికి వస్తే, ఎప్పుడైనా గాలిమర బిగించవలసి వచ్చినా ఆ పనిలో సగానికి పైగా అప్పటికే తెలిసినదే అవుతుంది.

మనసు గాలి మీదే ఉంటే, మీ కళ్ల ముందున్న పెద్ద మరల నిర్వహణలోనే ఉద్యోగాలు చూడమనండి. చెన్నైలోని జాతీయ పవన విద్యుత్ సంస్థ వాయుమిత్ర పేరిట నైపుణ్య శిక్షణ నిర్వహించింది. తదుపరి బ్యాచ్ వివరాలు ఆ సంస్థనే నేరుగా అడగవచ్చు. ఎత్తులో పనిచేసే భద్రతా శిక్షణను చాలా సంస్థలు తప్పనిసరి చేస్తాయి కాబట్టి, ఎత్తంటే భయముందో లేదో వాడు నిజాయితీగా తేల్చుకోవాలి. ఇంజినీరింగ్ చదవాలనుకుంటే డిప్లొమా వారి ప్రవేశ పరీక్ష ఈసెట్ ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలో చేరే దారి తెరిచే ఉంది.

డీలర్‌షిప్ ఇస్తామన్న సంస్థను మూడే విషయాలు లిఖితపూర్వకంగా అడగండి: సెకనుకు 4, 5 మీటర్ల గాలికి ఈ మర ఎన్ని వాట్లు ఇస్తుందో చూపే పరీక్షా పత్రం, అది ఎవరు పరీక్షించి ఇచ్చినదో, కనీసం ఏడాదిగా నడుస్తున్న ఒక ఇంటి మీటరు రీడింగులు. తమిళనాడులోని కాయత్తారులో చిన్న మరలను పరీక్షించే ప్రభుత్వ కేంద్రం ఉంది కనుక పరీక్షకు అవకాశం లేదన్న మాట నిలవదు. ఈ మూడూ చేతికి వచ్చేదాకా రూపాయి కూడా ఇవ్వకండి.