టీవీ రికార్డింగ్‌కి హెచ్‌టీపీసీ: ప్రాసెసర్ సంగతి తర్వాత, ముందు సిగ్నల్ సంగతి చూడండి

విశాఖ లాసన్స్ బే కాలనీలో ఇల్లు, హాల్లో టీవీ పక్కన పెట్టడానికి కంప్యూటర్ (దాన్నే హెచ్‌టీపీసీ అంటారు), అమ్మగారి సీరియళ్లూ దూరదర్శన్ కార్యక్రమాలూ దాంట్లో రికార్డవ్వాలి, ఐ7 ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ వేస్తే సరిపోతుందా అని కదండీ మీరు అడిగింది. ఆ రెండిటికీ పెట్టే డబ్బు దండగ. డిజిటల్ ఛానెల్ మన ఇంటికొచ్చేసరికే కుదించి ఉంటుంది. ట్యూనర్ దాన్ని ఏరి ఇస్తుంది, కంప్యూటర్ ఉన్నదున్నట్టు డిస్కు మీద రాస్తుంది, అంతే. 3 ఎంబీపీఎస్ (సెకనుకు 3 మెగాబిట్ల) ఛానెలంటే సెకనుకు 0.375 మెగాబైట్లు. పదేళ్ల నాటి ఆఫీసు కంప్యూటరు కూడా ఆ పని తేలిగ్గా చేస్తుంది.

అసలు తేల్చుకోవాల్సింది సిగ్నల్ ఎక్కణ్నుంచి తీసుకుంటారన్నది. విశాఖలో 2013 డిజిటైజేషన్ రెండో దశ నుంచీ కేబుల్ సెట్‌టాప్ బాక్సు ద్వారానే వస్తోంది. కేబుల్ అయినా డీటీహెచ్ అయినా పే ఛానెల్ తాళం ఆ బాక్సులోనే తెరుచుకుంటుంది. మీ ట్యూనర్ కార్డుకి ఆ కేబుల్ తగిలిస్తే ఛానెళ్ల పేర్లు కనిపిస్తాయి, బొమ్మ మాత్రం రాదు. స్టార్ మా, జీ తెలుగు ఈ కోవలోవే. తాళం లేకుండా ట్యూనర్‌తో నేరుగా పట్టుకోదగ్గది దూరదర్శన్ వాళ్ల ఉచిత డీటీహెచ్, డీడీ ఫ్రీ డిష్. సప్తగిరి, యాదగిరి అందులో వస్తాయి. స్కాన్ చేసినప్పుడు ఎన్‌క్రిప్టెడ్ అని చూపించే ఛానెల్‌ని లెక్కలోంచి తీసేయండి.

సీరియళ్లకి దారి వేరు. బాక్సు హెచ్‌డీఎంఐలో హెచ్‌డీసీపీ (కాపీ చేయనివ్వని తాళం) ఉంటుంది కాబట్టి ఆ వైపు వెళ్లకండి. బాక్సు వెనకున్న ఎరుపు, తెలుపు, పసుపు ఏవీ (ఆడియో-వీడియో) అవుట్‌కి యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్ పెట్టండి. 720×576 బొమ్మే వస్తుంది, సీరియల్‌కి చాలు. స్టిక్‌లో చిప్ ఎస్‌టీకే1160 గానీ యూటీవీ007 గానీ ఉంటే లినక్స్ కెర్నెల్‌లోనే (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలోనే) డ్రైవర్ ఉంటుంది. ఒకే డబ్బాలో వేర్వేరు చిప్‌లు వేసి అమ్ముతుంటారు, అందుకని వాపసు తీసుకునే షాపులోనే కొనండి. ఛానెల్ మార్చాలంటే రిమోట్ సంకేతం పంపే ఐఆర్ ఎల్‌ఈడీ ఒకటి బాక్సు ముఖాన అతికించాలి. బాక్సులో ఆటో స్టాండ్‌బై ఆపేయడం మరిచిపోవద్దు, లేకపోతే గంటసేపు నల్ల తెర రికార్డవుతుంది. డీటీహెచ్ రికార్డర్ బాక్సు పెన్‌డ్రైవ్‌లో రాసిన ఫైలు సాధారణంగా ఆ బాక్సులో తప్ప ఇంకెక్కడా ఆడదు, దాన్ని నమ్ముకోకండి.

ఫ్రీ డిష్‌కి డీవీబీ-ఎస్2 (ఉపగ్రహ సిగ్నల్ పట్టే రకం) ట్యూనర్ కావాలి. రెండు ట్యూనర్లున్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు తీసుకుంటే హాయి. ఒకే ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహం కొన్ని ఛానెళ్లని కట్టకట్టి పంపే ఫ్రీక్వెన్సీ) మీదున్న ఛానెళ్లన్నీ ఒక్క ట్యూనర్‌తోనే ఒకేసారి రికార్డవుతాయి, కాబట్టి నాలుగు అక్కర్లేదు. రెండు ట్యూనర్లకీ ట్విన్ ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు సిగ్నల్ అందుకునే ముక్క, రెండు అవుట్‌పుట్లున్నది), రెండు వేర్వేరు కేబుళ్లు ఉండాలి. ఒక కేబుల్‌ని స్ప్లిట్టర్‌తో చీలిస్తే, ఒక ట్యూనర్ 13 వోల్టులు, ఇంకొకటి 18 అడిగినప్పుడు ఎల్‌ఎన్‌బీ ఒక్కరి మాటే వింటుంది, రెండో రికార్డింగ్ పోతుంది. టీబీఎస్ కంపెనీ ట్యూనర్ కార్డులు బాగుంటాయి గానీ చాలా మోడళ్లకి డ్రైవర్ విడిగా కంపైల్ చేసుకోవాలి. కెర్నెల్ అప్‌డేట్ అయినప్పుడల్లా మళ్లీ చేయాల్సిందే, అందుకని ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపి ఉంచండి. యూఎస్‌బీ ట్యూనరైతే దానికి సొంత అడాప్టర్ ఉన్నదే కొనండి. ఎల్‌ఎన్‌బీకి కావాల్సిన కరెంటు యూఎస్‌బీ పోర్టు నమ్మకంగా ఇవ్వలేదు.

ఇక డిష్. మన ఊళ్లో రికార్డింగులు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఫ్రీ డిష్ ఉపగ్రహం జీశాట్-15 ఉన్నది 93.5 డిగ్రీల తూర్పున. విశాఖ నుంచి డిష్ దిక్కు ఉత్తరం నుంచి కొలిస్తే 149 డిగ్రీలు, అంటే దక్షిణం నుంచి తూర్పుకి దాదాపు ముప్పై ఒక్క డిగ్రీలు. ఎత్తు 66 డిగ్రీలు. ఎల్‌ఎన్‌బీని దాని గొట్టంలో దాదాపు 29 డిగ్రీలు తిప్పాలి. ఎటు తిప్పితే క్వాలిటీ పెరుగుతుందో అదే సరైన వైపు. ఆఫ్‌సెట్ డిష్ కాబట్టి చూడ్డానికి అంత ఎత్తుకి లేచినట్టుండదు, స్టాండు మీది గీతల్నే నమ్మండి. ఈ దిక్కున డిష్ తిన్నగా సముద్రం వైపే చూస్తుంది. ఉప్పుగాలి సూటిగా ఎల్‌ఎన్‌బీ మూతికి కొడుతుంది. ట్యూనర్ నడుస్తున్నంతసేపూ కేబుల్‌లో 13 గానీ 18 గానీ వోల్టులుంటాయి, దానికి ఉప్పు తేమ తగిలితే ఎఫ్ కనెక్టర్ (కేబుల్ చివర బిగించేది) లోపలి రాగి తీగ మామూలుకన్నా చాలా త్వరగా అరిగిపోతుంది. విప్పి చూస్తే పచ్చటి చిలుము, దాని కింద సన్నబడిన తీగ మొన కనిపిస్తాయి. మరతో తిప్పి ఎక్కించే కనెక్టర్లు వద్దు, కంప్రెషన్ రకం వేయించండి. దాని మీద సాగదీసి చుట్టే రబ్బరు టేపు చుట్టి, ఎల్‌ఎన్‌బీ దగ్గర కేబుల్‌ని కిందికి ఒక వంపు వదిలితే వాననీరు అక్కడ కారిపోతుంది. ఆర్‌జీ6 (డిష్‌కి వాడే కేబుల్ రకం)లో లోతీగ పూర్తి రాగి ఉన్నదే అడగండి. అయస్కాంతం పెడితే అంటుకుందంటే రాగి పూత వేసిన ఉక్కు. 60 సెంటీమీటర్ల డిష్ ఎండలో బాగానే పనిచేస్తుంది, గట్టి వానకి బొమ్మ ముక్కలవుతుంది. 90 అయితే ఇంకొంచెం తట్టుకుంటుంది, కానీ గాలి పట్టు కూడా పెరుగుతుంది. 2014 హుద్‌హుద్ చూసిన ఊరు మనది, పిట్టగోడ ఇటుకలో స్క్రూలు కాకుండా శ్లాబులో యాంకర్ బోల్టులు వేయించండి.

కంప్యూటర్‌కి ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ చాలు. అది 6 వాట్లదే, హెచ్‌ఈవీసీ 10-బిట్, ఏవీ1 (వీడియో కుదించే పద్ధతులు) హార్డ్‌వేర్‌లోనే విప్పుతుంది, ఏవీ అవుట్ బొమ్మని ఇంటెల్ క్విక్ సింక్ హార్డ్‌వేర్‌తో కుదిస్తుంది. మినీ పీసీల్లో చాలావాటికి కార్డు స్లాటు ఉండదు. కార్డు పెట్టాలంటే ఎన్100 ఉన్న మినీ ఐటీఎక్స్ (చిన్న సైజు) మదర్‌బోర్డు కొనండి. ర్యామ్ 8 జీబీ. పెట్టె గోడకి అంటించకుండా నాలుగు వేళ్లు ఖాళీ వదలండి.

డిస్కులు రెండు: సిస్టమ్‌కి 256 జీబీ ఎస్‌ఎస్‌డీ, రికార్డింగులకి 4 టీబీ హార్డ్ డిస్కు. సీసీటీవీ కోసం చేసే డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ దీనికి బాగా కుదురుతాయి. ఎస్‌ఎమ్‌ఆర్ (పక్కపక్క ట్రాకులు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా రాసే) రకం వద్దు, మూడు రికార్డింగులు నడుస్తుండగా పాతవి చెరిపితే రాయడం వెనకబడుతుంది. 3 ఎంబీపీఎస్ ఛానెల్ గంటకి 1.35 జీబీ, కాబట్టి 4 టీబీలో దాదాపు 2900 గంటలు పడతాయి. టైమ్‌షిఫ్ట్ (నడుస్తున్న ఛానెల్‌ని ఆపి, వెనక్కి తిప్పి చూసే సౌకర్యం) ఎస్‌ఎస్‌డీ మీద పెట్టకండి, రోజంతా రాస్తుంటే అది అరుగుతుంది. 600 వీఏ యూపీఎస్ ఒకటి, బయోస్‌లో కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగు తప్పనిసరి.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి టీవీహెడెండ్, చూడ్డానికి కోడీ. అందులో ఎల్‌ఎన్‌బీ రకం యూనివర్సల్ అని, ఫ్రీక్వెన్సీలు 9750/10600 మెగాహెర్ట్జ్ అని పెట్టండి. కార్యక్రమాల పట్టిక మీద ఆధారపడకుండా టైము ప్రకారం రికార్డింగ్ పెట్టి, ముందు 2 నిమిషాలు, వెనక 10 నిమిషాలు కలపండి.

ముందు డిష్, కేబుల్, ట్యూనర్ మాత్రమే కొని ఇంట్లో ఉన్న ఏ కంప్యూటర్‌కైనా తగిలించి వారం నడపండి. టీవీహెడెండ్ స్టేటస్ పేజీలో ఎస్‌ఎన్‌ఆర్ (రొదతో పోలిస్తే సిగ్నల్ బలం) పడిపోతూ ఎర్రర్లు పెరిగితే తప్పు డాబా మీద ఉంది, కనెక్టర్ విప్పి చూడండి. ఎస్‌ఎన్‌ఆర్ నిలకడగా ఉండి కంటిన్యుటీ ఎర్రర్లు (మధ్యలో ముక్కలు జారిపోయిన లెక్క) మాత్రమే పెరుగుతుంటే యూఎస్‌బీ పోర్టు, డ్రైవరు, డిస్కు వైపు వెతకండి. వారం పాటు ఎస్‌ఎన్‌ఆర్ పడకుండా, ఎర్రర్లు పెరగకుండా ఉంటే అప్పుడు ద్వారకానగర్ వెళ్లి బోర్డు కొనుక్కోండి.