మంచం దిగగానే తూలి పడుతున్నారా? నిలబెట్టి కూడా బీపీ చూడండి

కూర్చోబెట్టి చూస్తే బీపీ సరిగానే ఉంటున్నా, తెల్లవారుజామున మంచం దిగగానే మీ అమ్మగారు తూలి పడుతున్నారంటే, లేచి నిలబడినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పడిపోతూ ఉండవచ్చు. అది ఆవిడ అజాగ్రత్త కాదు, దయచేసి కోప్పడకండి.

చాలామంది వదిలేసేది నిలబెట్టి బీపీ చూడటమే.

1. ఆవిడను 5 నిమిషాలు పడుకోబెట్టి, బీపీ చూసి రాసుకోండి.

2. నిలబడిన 1 నిమిషానికి ఒకసారి, 3 నిమిషాలకు మరోసారి చూడండి. ఆ సమయంలో ఇంకొకరు పక్కనే పట్టుకుని ఉండాలి. తల తిరిగితే వెంటనే కూర్చోబెట్టాలి.

3. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ, అంతకంటే ఎక్కువ గానీ తగ్గితే, ఆ అంకెలతో పాటు ఆవిడ వాడే మందులన్నీ డాక్టరుకు చూపండి. బీపీ మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలు, కొన్ని నిద్రమాత్రలు ఇందుకు కారణం కావచ్చు. అయినా మీ అంతట మీరు దేన్నీ ఆపవద్దు.

అంతవరకు, ఆవిడ పాదాలను కాసేపు ఆడించి, మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చున్న తరువాతే నిలబడాలి.

పడినప్పుడు స్పృహ తప్పినా, తలకు దెబ్బ తగిలినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతుంటే, దెబ్బ చిన్నదిగా కనిపించినా తీసుకువెళ్లాలి.