పాప డిజైన్ అంటోంది సార్, ఏం చేయమంటారు?

కడప జిల్లా పోరుమామిళ్ల నుంచి ఒక హైస్కూల్ సార్ రాశారు. వాళ్ల పాప ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, మార్కులు బాగానే వస్తున్నాయి. ఈఏపీసెట్ రాసి సీఎస్ఈలో చేరమంటే ససేమిరా అంటోందట. ఫోన్లో 'ట్రాన్సిషన్ డిజైన్' అని ఏదో చూసిందట, సమాజాన్ని మంచి దారిలో పెట్టే డిజైన్ అదే చదువుతానంటోందట. "బొమ్మలు గీసే చదువుకు నాలుగేళ్లు, లక్షలు పోయాలా? ఇంట్లో రోజూ ఇదే గొడవ, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని ఆయన బాధ.

సార్, ముందు ఆ గొడవ ఆపండి. పాప పట్టుకున్నది గాలి మాట కాదు. మీరు పోరుమామిళ్లలోనే ఉన్నారు కాబట్టి మీకు చెప్పడం నాకు సులువు.

మీ చెరువు సంగతే తీసుకోండి. 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు దాన్ని కట్టించి శాసనం వేయించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. అంతకంటే విలువైన సంగతి ఇంకొకటుంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలి, ఆరు దోషాలు ఉండకూడదు అని ఆ శాసనం లెక్క చెప్తుంది. అంగాల్లో గట్టి నేల, కొండల మధ్య మరీ పొడవు కాని రాతి కట్ట, దగ్గర్లో మంచి రాయి దొరికే గని ఉన్నాయి, వాటితో సమానంగా నీటి శాస్త్రం తెలిసిన పండితుడూ కట్టడం పని తెలిసిన కూలీల జట్టూ ఉన్నారు. ఇక దోషాలు చూడండి. కట్టలోంచి నీళ్లు ఊరడం, చవుడు నేల, ఇవి ఎవరైనా చెప్తారు. కానీ రెండు రాజ్యాల పొలిమేరలో చెరువుండటం కూడా దోషమేనట, నీళ్లు తక్కువై కింద పారాల్సిన భూమి ఎక్కువుండటం ఇంకో దోషమట. రేపు ఈ నీళ్ల కోసం ఎవరితో ఎవరికి తగాదా వస్తుంది, ఆఖరి మడి రైతు గతేంటి అని కట్ట వేయకముందే ఆలోచించారన్న మాట. నా లెక్కలో మీ పాప చదువుతానంటున్నది ఇదే.

ట్రాన్సిషన్ డిజైన్ అనే పేరు మాత్రం కొత్తది. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో టెర్రీ ఇర్విన్, ఇంకొందరు కలిసి ఇంచుమించు పదేళ్ల కింద దీన్ని చదువుగా మలిచారు. నీటి కరువు, వలస లాంటి చిక్కుముళ్లు ఒక వస్తువుతోనో ఒక యాప్‌తోనో విడిపోవు కాబట్టి, ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత మన ఊరు ఎలా ఉండాలో ఆ ఊరి వాళ్లనే కూర్చోబెట్టి ఊహింపజేసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ ఈ ఏడు ఏం మొదలుపెట్టాలో తేల్చుకోవడం వాళ్ల పద్ధతి. డిజైన్ అనేది పేద దేశాల అభివృద్ధికి పనికి రావాలన్న మాట మాత్రం మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది, 1979లో అహ్మదాబాద్‌లోని ఎన్ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) అంతర్జాతీయ సమావేశం పెట్టి ప్రకటన కూడా చేశారు.

మన ఊళ్లలో బోరింగునే చూడండి. 1970ల్లో యూనిసెఫ్ సాయంతో తయారైన ఇండియా మార్క్ 2 పంపు అది. అంతకుముందున్న పోత ఇనుము పంపులు ఊరికే విరిగిపోయేవి, ఇది గట్టిగా నిలబడింది. అయితే లోపల వాషరు అరిగితే పైపులన్నీ పైకి లాగాలి, అందుకు మెకానిక్కుల జట్టు సామానుతో రావాలి, వాళ్లు వచ్చేదాకా ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పక్క వీధికో పొలాల్లోకో నడవాలి. తర్వాత వచ్చిన మార్క్ 3లో పైపు వెడల్పు పెంచారు, పైపులు కదపకుండానే పిస్టన్ ఒక్కటి పైకి తీయొచ్చు, ఊళ్లో వాళ్లే బాగు చేసుకోవచ్చు. మారింది పైపు కొలతే, కానీ దాంతో రిపేరు ఊరివాళ్ల చేతికొచ్చింది. ఈ తేడా పట్టుకునే కన్ను ఉంటే పాప ఈ చదువులో రాణిస్తుంది. బొమ్మ బాగా వేయడం నేర్చుకుంటే వస్తుంది.

ఇప్పుడు సీటు సంగతి. బీడిజైన్‌కు, అంటే డిజైన్‌లో నాలుగేళ్ల డిగ్రీకి, రెండు పరీక్షలు ముఖ్యం. ఐఐటీ బాంబే పెట్టే యూసీడ్ ఒకటి, దరఖాస్తులు మామూలుగా అక్టోబరులో మొదలవుతాయి, పరీక్ష జనవరిలో. హైదరాబాద్ ఐఐటీలో కూడా దీంతోనే సీటు. వరుసగా రెండేళ్లే రాయనిస్తారు కాబట్టి ఊరికే రాసి చూద్దామని ఒక ఛాన్సు పోగొట్టుకోవద్దు. రెండోది ఎన్ఐడీ వాళ్ల డ్యాట్, ప్రిలిమ్స్, మెయిన్స్ ఉంటాయి, మన రాష్ట్రంలోనే ఎన్ఐడీ ఉంది. సీట్లు తక్కువ, పోటీ గట్టిది, అందుకని ఈఏపీసెట్ కూడా రాయించండి, దానికి పాప ఒప్పుకోవాలి, ఈ విషయంలో నేను మీ పక్షం. పాపది ఎంపీసీ కదా, జేఈఈ మెయిన్ పేపర్ 2 రాస్తే విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో ప్లానింగ్ కోర్సుకు దారి ఉంటుంది. ఊళ్లు, రోడ్లు, నీళ్లు ఎవరికెలా అందాలో చదివే కోర్సు అది, మన పిల్లలు అటు చూడనే చూడరు, నాకు అదే బాధ.

ఏదీ కుదరక బీటెక్‌లో చేరినా దారి మూసుకుపోదు. తర్వాత సీడ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎండిజైన్‌కు, అంటే డిజైన్‌లో పీజీకి, వెళ్లొచ్చు, లేదా ఐఐటీ బాంబేలో గ్రామాల కోసం 1985 నుంచి నడుస్తున్న సీతారా అనే సెంటర్లో ఎంటెక్ చేయొచ్చు. అంతేగానీ బ్రోచర్లో 'సోషల్ డిజైన్', 'సస్టైనబుల్ ఫ్యూచర్స్' అని అందమైన పేర్లు చూసి, పొలం తాకట్టు పెట్టి ఖరీదైన ప్రైవేటు కాలేజీలో మాత్రం చేర్పించొద్దు.

జీతాల గురించి దాచను. డిజైన్ చదివిన వాళ్లకు ఎక్కువ ఉద్యోగాలు బెంగళూరు, హైదరాబాద్‌లలో యాప్‌ల పనిలోనే. ఊళ్లతో, ప్రభుత్వంతో, స్వచ్ఛంద సంస్థలతో చేసే పని తక్కువ, జీతమూ తక్కువే. మూడు నాలుగేళ్లు కంపెనీలో చేసి, చదువు అప్పు తీర్చి, ఆ తర్వాత ఇటు రావడంలో తప్పేమీ లేదు, పాపకు ఇప్పుడే ఈ మాట చెప్పి ఉంచండి.

ఒక పని చేయండి. రేషన్ ఇచ్చే రోజు పాపను ఒక నోటు పుస్తకంతో చౌక దుకాణం దగ్గర రెండు గంటలు నిలబడమనండి. మా వీధిలో నేను చూశాను, శనక్కాయ వలిచి వలిచి వేలి గీతలు అరిగిపోయిన అవ్వ ఒకామె మిషన్ మీద వేలు పెడుతుంది, పడదు, కొంగుతో తుడుచుకుని మళ్లీ పెడుతుంది, వేలు మార్చి పెడుతుంది, వెనక క్యూలో వాళ్లు విసుక్కుంటుంటే తప్పంతా తనదే అన్నట్టు తల దించుకుంటుంది. మీ ఊళ్లో అలాంటి వాళ్లు ఎంతమంది, ఎంతసేపు నిలబడ్డారు, డీలరు ఏం చేశాడు, చివరికి ఎవరు ఉత్త చేతులతో పోయారు, పాప ఇవన్నీ రాసుకోవాలి. రాసుకున్నాక తను ఏం మారుస్తుందో గీసి చూపించాలి, గీత వంకరైనా పర్వాలేదు. ఆ పేజీలు ఫోటో తీసి నాకు పంపండి, చూశాక పాపతోనే ఫోన్లో మాట్లాడతాను.