ముద్దగా వచ్చిన అవుట్‌పుట్: ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ డీబగ్గింగ్ గురించి మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఆఫీసులో నీకు పాత ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఫైళ్లు (ట్యాగుల మధ్య డేటా ఉండే ఎక్స్‌ఎమ్‌ఎల్‌ను వేరే రూపంలోకి మార్చే స్టైల్‌షీట్లు) అప్పజెప్పారనీ, ఇన్‌వాయిస్ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఇస్తే పట్టిక రావాల్సిన చోట పేర్లు, అంకెలు అన్నీ అతుక్కుని ముద్దగా వస్తున్నాయనీ రాశావు. ఎర్రర్ ఏమీ రావడం లేదన్నావు కదా, రాదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

టెంప్లేటు అంటే ఫలానా ఎలిమెంటు (ట్యాగుల జత, దాని లోపలిది) ఎదురైతే ఏం చెయ్యాలో చెప్పే నియమం. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో నువ్వు రాయని టెంప్లేట్లు కూడా పనిచేస్తుంటాయి. ఒక ఎలిమెంటుకు నీ టెంప్లేటు ఏదీ తగలకపోతే, బిల్టిన్ టెంప్లేటు దాని పిల్లల్లోకి దిగుతుంది. టెక్స్టు కనబడితే ఉన్నదున్నట్టు బయటికి వదిలేస్తుంది. ముద్ద వచ్చిందంటే నీ టెంప్లేట్లలోని మ్యాచ్‌లు (అవి దేనికి వర్తించాలో చెప్పేవి) తగలడం లేదన్నమాట. నూటికి తొంభై సార్లు కారణం నేమ్‌స్పేసే, అంటే ఒకే పేరున్న ఎలిమెంట్లు కలిసిపోకుండా యూఆర్‌ఐతో (వెబ్ చిరునామా లాంటి గుర్తుతో) వేరుచేసే పద్ధతి. నీ ఇన్‌వాయిస్ ఫైలు రూట్ ఎలిమెంటులో ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఎన్‌ఎస్ అని ఒక యూఆర్‌ఐ ఉంటుంది, చూడు. ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఏ భాగం కావాలో చెప్పే భాష ఎక్స్‌పాత్. ఎక్స్‌పాత్ 1.0లో ప్రిఫిక్సు (పేరు ముందు పెట్టే పొట్టి గుర్తు) లేకుండా "ఇన్‌వాయిస్" అని రాస్తే, ఏ నేమ్‌స్పేసులోనూ లేని ఇన్‌వాయిస్ అని అర్థం. నీ ఫైల్లో అలాంటిది లేదు. స్టైల్‌షీట్ పైన కూడా అదే డిఫాల్ట్ నేమ్‌స్పేసు పెట్టి చూస్తారు చాలామంది. మ్యాచ్, సెలెక్ట్ (ఏ భాగాలు తీసుకోవాలో చెప్పేది) ఆ డిఫాల్టును పట్టించుకోవు. ఆ యూఆర్‌ఐకి ఒక ప్రిఫిక్సు కట్టి, ప్రతి పేరు ముందూ దాన్ని రాయాలి. యూఆర్‌ఐని చేత్తో టైప్ చెయ్యకు, కాపీ చెయ్యి. చివర ఒక్క స్లాష్ తేడా ఉన్నా అది వేరే నేమ్‌స్పేసే. ఆ ప్రిఫిక్సు అవుట్‌పుట్‌లో కనబడకూడదంటే ఎక్స్‌క్లూడ్-రిజల్ట్-ప్రిఫిక్సెస్‌లో చేర్చు. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 2.0 ప్రాసెసర్ (స్టైల్‌షీట్‌ను నడిపే ప్రోగ్రాము) ఉంటే ఎక్స్‌పాత్-డిఫాల్ట్-నేమ్‌స్పేస్ ఒక్కటి పెడితే ఈ గోలంతా తప్పుతుంది.

ఇక డీబగ్గర్, అంటే కోడును అడుగడుగునా ఆపి చూపించే పనిముట్టు. మీ దగ్గర మైక్రోసాఫ్ట్ విజువల్ స్టూడియో ఉందన్నావు. అందులో ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ డీబగ్గర్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లోనే ఉంటుంది. ఇన్‌స్టాలర్‌లో విడి కాంపొనెంట్ల జాబితాలో దాన్ని టిక్ చెయ్యాలి. మెనూలో కనబడకపోతే ముందు అక్కడ వెతుకు. స్టైల్‌షీట్ తెరిచి, ప్రాపర్టీస్ విండోలో ఇన్‌పుట్ అన్నచోట నీ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు ఇవ్వు. ఎఫ్9తో బ్రేక్‌పాయింట్ (కోడు ఆగాల్సిన చోటు) పెట్టు, ఆల్ట్-ఎఫ్5 నొక్కు. ఎఫ్11 టెంప్లేటు లోపలికి తీసుకెళ్తుంది, ఎఫ్10 దాటిస్తుంది.

ఆగాక చూడాల్సింది కోడు కాదు, నువ్వు ఏ నోడు (ఎలిమెంటు, టెక్స్టు లాంటి ఒక భాగం) మీద నిలబడి ఉన్నావన్నది. వాచ్ విండోలో "సెల్ఫ్::నోడ్()" అని టైప్ చెయ్యి. అడుగు వేసిన ప్రతిసారీ ఇప్పటి నోడు అక్కడ కనబడుతుంది. ఫర్-ఈచ్ లోపలికి వెళ్లాక కూడా ఇంకా బయటి నోడు దగ్గరే ఉన్నామనుకుని పాత్ రాసే పొరపాటు ఈ ఒక్క వరుసతో బయటపడుతుంది. అనుమానం ఉన్న పాత్‌ను కూడా అక్కడే ఇచ్చి చూడు, కోడు మార్చక్కర్లేదు.

డీబగ్గర్ లేని చోట ఎక్స్‌ఎస్‌ఎల్:మెసేజ్ వాడు, స్టైల్‌షీట్ నడుస్తుండగా నువ్వు చెప్పింది ప్రింట్ చేస్తుంది. విలువ ఒక్కటే ప్రింట్ చేస్తే సగం సంగతే తెలుస్తుంది. పక్కన ఆ పాత్‌కు కౌంట్ కూడా వెయ్యి. కౌంట్ 0 వస్తే పాత్ తప్పు, లేదా ఆ ఎలిమెంటే ఫైల్లో లేదు. కౌంట్ 1 వచ్చి విలువ ఖాళీగా ఉంటే డేటాయే ఖాళీ, పంపినవాళ్లను అడగాలి. విలువకు రెండువైపులా చదరపు బ్రాకెట్లు పెట్టు, లేకపోతే ముందూ వెనకా ఉన్న ఖాళీలు కంటికి కనబడవు. సీ షార్ప్ నుంచి నడుపుతుంటే ఈ మెసేజ్‌లను ఆర్గ్యుమెంట్ లిస్టులోని ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ-మెసేజ్-ఎన్‌కౌంటర్డ్ ఈవెంటుతో పట్టుకో.

ఒక సంగతి మరిచిపోకు: మైక్రోసాఫ్ట్ .నెట్‌తో వచ్చే ప్రాసెసర్‌కు ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 తప్ప తెలియదు. ఆ ప్రమాణం 1999 నాటిది. 2.0 2007లో, 3.0 2017లో వచ్చాయి. ఇంటర్నెట్‌లో దొరికిన ఫర్-ఈచ్-గ్రూప్ (2.0లో వచ్చిన, గుంపులుగా విడదీసే సూచన) ఉదాహరణ అతికిస్తే అందుకే నడవదు. దానికి కొత్త వెర్షన్లు తెలిసిన శాక్సన్ లాంటి ప్రాసెసర్ కావాలి. శాక్సన్‌తో డీబగ్ చెయ్యాలంటే ఆక్సిజన్ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఎడిటర్ మంచిది. అవుట్‌పుట్‌లో ఒక ముక్క మీద క్లిక్ చేస్తే, అది స్టైల్‌షీట్‌లో ఏ వరుస నుంచి, ఇన్‌పుట్‌లో ఏ నోడు నుంచి వచ్చిందో చూపిస్తుంది. డబ్బు పెట్టి కొనాలి మరి, మీ మేనేజరును ఒప్పించు.

వరుస సంఖ్యలు 1, 2, 3 బదులు 2, 4, 6 అని వస్తే బెంబేలు పడకు. అప్లై-టెంప్లేట్స్‌కు సెలెక్ట్ ఇవ్వకపోతే రెండు ఎలిమెంట్ల మధ్య ఉన్న కొత్త లైను కూడా ఒక టెక్స్టు నోడే, వరుస సంఖ్య ఇచ్చే పొజిషన్ ఫంక్షన్ దాన్నీ లెక్కపెడుతుంది. .నెట్ ఎక్స్‌ఎమ్‌ఎల్-డాక్యుమెంట్‌లోకి లోడ్ చేస్తే ఆ ఖాళీలు మామూలుగా తీసేస్తుంది, అందుకే ఒకచోట సరిగ్గా వచ్చింది ఇంకోచోట తప్పుతుంది. సెలెక్ట్ ఇచ్చేస్తే రెండుచోట్లా ఒకేలా వస్తుంది.

డబ్బు లెక్కలు వేరే తలనొప్పి. మన ఇన్‌వాయిస్‌ల్లో 1,25,000.00 అని కామాలతో వస్తే నంబర్ ఫంక్షన్‌కు అది అంకె కాదు, ఎన్‌ఏఎన్ (నాట్ ఎ నంబర్). వంద వరుసల్లో ఒక్కటి అలా ఉన్నా, ఖాళీగా ఉన్నా, సమ్ మొత్తం ఎన్‌ఏఎన్ అయిపోతుంది. ట్రాన్స్‌లేట్ ఫంక్షన్‌తో కామాలు తీసెయ్యాలి. కానీ 1.0లో తీసేసిన విలువల మీద నేరుగా సమ్ నడవదు. తనను తానే పిలుచుకునే టెంప్లేటు రాసుకుంటూ, అప్పటిదాకా అయిన మొత్తాన్ని పారామీటరుగా అందిస్తూ పోవాలి. వేరియబుల్‌కు రెండోసారి విలువ ఇవ్వడం ఇందులో కుదరదు. తిరిగి ప్రింట్ చేసేటప్పుడు, ఫార్మాట్-నంబర్‌కు 1.0లో జావా పాత డెసిమల్ ఫార్మాటే ఆధారం. నువ్వు #,##,##0.00 అని ఇచ్చినా చివరి కామానే లెక్కలోకి తీసుకుని 125,000.00 అంటుంది. 2.0 నుంచి నువ్వు పెట్టిన చోటే కామాలు పడతాయి. కోట్లదాకా కావాలంటే నమూనాలోనే అన్ని కామాలూ పెట్టు, వాటిని దాటి కొత్తవి తనంతట తాను వెయ్యదు.

సార్ట్‌లో 2 కంటే ముందు 10 వస్తే డేటా-టైప్ నంబర్ పెట్టలేదన్నమాట.

ఎడిట్ చేసేటప్పుడు ఫార్మాట్ డాక్యుమెంట్ నొక్కే అలవాటు ఉంటే, టెక్స్టు అవుట్‌పుట్ ఇచ్చే స్టైల్‌షీట్ దగ్గర మానుకో. అక్షరాలున్న వరుసను విరగ్గొట్టి కొత్త లైను, ఖాళీలు చేరిస్తే అవన్నీ అవుట్‌పుట్‌లోకి వచ్చేస్తాయి. అసలు అక్షరాలన్నిటినీ ఎక్స్‌ఎస్‌ఎల్:టెక్స్ట్ లోపల పెడితే ఈ బెడద ఉండదు.

తెలుగు పేర్ల బదులు త లాంటివి కనిపిస్తున్నాయన్నావు. అది పాడవడం కాదు, 'త' అక్షరమే. అవుట్‌పుట్ ఎన్‌కోడింగ్ యూఎస్-ఆస్కీ అని ఉంటే అలా రాస్తుంది, యూటీఎఫ్-8 చెయ్యి. కోడులో స్ట్రింగ్ రైటర్‌లోకి రాస్తుంటే మాత్రం డిక్లరేషన్‌లో యూటీఎఫ్-16 అని పడుతుంది. ఆ స్ట్రింగును యూటీఎఫ్-8 ఫైలుగా సేవ్ చేస్తే చదివేవాడు ఒప్పుకోడు. స్ట్రీమ్‌లోకి రాయి.

ముద్ద వదలకపోతే, ఇన్‌వాయిస్‌లో కస్టమర్ల వివరాలు తీసేసి రెండే వరుసలు ఉంచి, తప్పు అప్పటికీ వస్తోందో లేదో చూసుకుని, స్టైల్‌షీట్‌తో కలిపి పంపు. రూట్ ఎలిమెంటు మాత్రం ముట్టుకోకుండా పంపాలి.

ఇట్లు
మీ మామయ్య