క్లైమేట్ న్యూట్రల్ సిటీ ప్లాన్‌లో స్థానికుల మాట నిజంగా చెల్లుతుందా?

క్లైమేట్ న్యూట్రల్ సిటీ ప్లాన్, అంటే సిటీ గాల్లోకి వదిలే కార్బన్‌ని వీలైనంత తగ్గించి మిగిలినదాన్ని సరిదిద్ది లెక్కలో సున్నాకి తెచ్చే ప్లాన్, ఎలాగూ ఎక్స్‌పర్ట్‌లే గీస్తారు, మధ్యలో జనాన్ని కూర్చోబెట్టి మీటింగ్ పెట్టడం ఉత్త ఫార్మాలిటీ కదా అని అడిగారు. చాలాచోట్ల ఫార్మాలిటీయే, అందులో దాచేదేం లేదు. నేను కొన్నేళ్లుగా ఇలాంటి మీటింగ్‌లు నడిపే పనిలోనే ఉన్నా, నేను చూసినంతలో జనాన్ని ఎప్పుడు పిలిచారన్న దాన్నిబట్టే మిగతాదంతా తేలిపోతుంది. డ్రాయింగ్‌లు ఫైనలై టెండర్ దాకా వెళ్లాక పిలిస్తే వచ్చినవాళ్లకి మిగిలేది చప్పట్లు కొట్టడమో గొడవపడటమో, అంతే.

బార్సిలోనాలో 2016లో పోబ్లెనౌ ఏరియాలో సూపర్‌బ్లాక్ పెట్టారు, అంటే తొమ్మిది బ్లాకుల్ని ఒకటిగా కలిపి లోపలి వీధుల్లోంచి అడ్డదారిన పోయే కార్లని ఆపేయడం. ఐడియా మంచిదే, కానీ అక్కడివాళ్లతో సరిగ్గా మాట్లాడకుండా హడావుడిగా పెట్టేసరికి నిరసనలు మొదలయ్యాయి. తర్వాత బెంచీలు, చెట్లు, పిల్లల ఆటస్థలాలు వచ్చాక మెల్లగా చల్లబడింది. అదే మాట్లాడటం ముందే జరిగుంటే ఆ గొడవలో సగం ఉండేది కాదని నా అభిప్రాయం.

ముందే పిలిస్తే ఏమొస్తుందో నా కళ్లారా చూసింది ఒకటి చెప్తా. ఒక మీటింగ్‌లో ప్రెజెంటేషన్ పక్కనపెట్టి ఏరియా మ్యాప్ పెద్దది ప్రింట్ తీసి టేబుల్ మీద పరిచి అందరికీ పెన్నులు ఇచ్చాం. మా లెక్కల్లో ఒక కాలనీ నుంచి బస్‌స్టాప్ 400 మీటర్లు, నడవదగ్గ దూరమే, కాబట్టి అక్కడివాళ్లు బండ్లు మానేసి బస్ ఎక్కుతారని రాసుకున్నాం. నైట్ డ్యూటీ చేసే నర్స్ ఒకావిడ ఆ దారిలో చిన్న ముక్కకి సున్నా చుట్టి "ఇక్కడ లైట్లు వెలగవండీ, పక్కనంతా ఖాళీ ప్రహరీ గోడే, ఈ ముక్క దాటలేకే నేను స్కూటీ తీసేది" అంది. పక్కనున్న ఇంకో ఇద్దరాడవాళ్లు కూడా అక్కడే వేలు పెట్టారు. ఏ మోడల్లోనూ కనపడని విషయం అది. మామూలు హియరింగ్‌లో అయితే ఆవిడకి మైక్ అందే లోపల టైమైపోయేది.

ఇంకోటి, ఎవరొస్తున్నారో చూడాలి. పని రోజు పొద్దున పదకొండింటికి పెడితే రిటైరైనవాళ్లు, సొంతిల్లున్నవాళ్లు తప్ప ఎవరూ రారు, వాళ్లు రూఫ్‌టాప్ సోలార్ సబ్సిడీ అడుగుతారు, రిపోర్ట్‌లో అది "ప్రజల డిమాండ్" అయిపోతుంది. అద్దెకుండేవాళ్ల గొడవ వేరే, కరెంటు బిల్లు కట్టేది వాళ్లు, ఆ బిల్లు తగ్గేలా ఎండా చలీ లోపలికి రాకుండా గోడకి ఇన్సులేషన్ చేయించాలంటే ఓనర్ డబ్బు పెట్టాలి, ఓనర్‌కి దానివల్ల పైసా మిగలదు కాబట్టి పెట్టడు. ఈ చిక్కుముడి విప్పకుండా బిల్డింగుల వల్ల వచ్చే కార్బన్ ఎమిషన్స్ తగ్గిస్తామంటే కాగితం మీద తగ్గుతాయి అంతే.

ఫ్రాన్స్‌లో 2019లో అన్ని రకాల జనం ఉండాలనే 150 మందిని లాటరీ పద్ధతిలో ఎంచి క్లైమేట్ మీద సిటిజన్స్ కన్వెన్షన్ (పౌరుల సభ) పెట్టారు, అది దేశం లెవెల్లోది గానీ సిటీలకీ ఈ పద్ధతి పనికొస్తుంది. మామూలు జనమే నెలల తరబడి కూర్చుని 149 ప్రతిపాదనలు ఇచ్చారు, జనానికి ఇలాంటివి అర్థం కావు అనేవాళ్లకి అదే జవాబు. చెడింది తర్వాతే. అధ్యక్షుడు మాక్రాన్ ఆ ప్రతిపాదనల్ని "ఫిల్టర్ లేకుండా" ముందుకి పంపుతానని ముందే మాటిచ్చి, 2020లో మూడింటిని పక్కన పెట్టేశాడు, మిగతావి కూడా చాలా పల్చబడ్డాయి, 2021లో ఆ సభ్యులే ప్రభుత్వానికి 10కి సగటున 3.3 మార్కులేశారు. ఏది మార్చొచ్చు ఏది మార్చలేం అన్నది మొదటిరోజే చెప్పేసుంటే కోపం ఇంత వచ్చేది కాదేమో.

డబ్బు సంగతి కూడా ఉంది. బ్రెజిల్‌లో పోర్తో అలెగ్రే 1989లోనే బడ్జెట్‌లో కొంత భాగం ఎక్కడ ఖర్చు పెట్టాలో జనంతోనే తేల్పించడం మొదలుపెట్టింది, పారిస్ 2014 నుంచి అలాంటిదే చేస్తోంది. డెన్మార్క్‌లో సామ్సో ద్వీపంలో గాలిమరల్లో స్థానికులకే వాటాలున్నాయి, తమ డబ్బు ఉన్నప్పుడు అదే గాలిమర గురించి మాట్లాడే తీరు వేరేగా ఉంటుంది మరి. యూరోపియన్ యూనియన్ 2022లో 100 నగరాల్ని 2030కల్లా క్లైమేట్ న్యూట్రల్ చేయాలని ఎంపిక చేసింది, ఒక్కో నగరం ఆ లక్ష్యం ఎలా చేరుతుందో చెప్తూ క్లైమేట్ సిటీ కాంట్రాక్ట్ అని రాసుకోవాలి, అందులో స్థానికుల్ని కలుపుకోవడం కూడా భాగమే. అది చట్టపరంగా కట్టిపడేసే ఒప్పందం మాత్రం కాదు.

మీ దగ్గర మీటింగ్‌కి పిలుపొస్తే వెళ్లేముందే వాళ్లకి మెయిల్ పెట్టి ఇందులో ఇంకా ఖరారు కానివి ఏంటో రాసివ్వమనండి, మేం చెప్పినదాంట్లో ఏది తీసుకున్నారు, తీసుకోనిది ఎందుకు తీసుకోలేదు అని ఏ తేదీకల్లా చెప్తారో కూడా అడగండి. అంతా ఖరారైపోయిందని జవాబొస్తే నేనైతే ఆ సాయంత్రం వెళ్లను, అభ్యంతరాలకి గడువుంటే అందులోపల రాతపూర్వకంగా పంపేసి రసీదు తీసుకుంటా.