ఆ పాత డెస్క్‌టాప్ మీద ఒకసారి రిస్టోర్ చేసి చూడు

చి. కిరణ్‌కి,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పింది విన్నాక రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. నలభై పడకల ట్రస్టు ఆసుపత్రి, కంప్యూటర్ల పని మొత్తానికి నువ్వొక్కడివే. డిజాస్టర్ రికవరీ ప్లాన్, అంటే సర్వర్ పోతే పని మళ్లీ ఎలా నిలబెట్టాలో చెప్పే పథకం, తయారు చేయమని సెక్రటరీ గారు అడిగారు, ఎవరో కంపెనీ వాళ్లిచ్చిన కొటేషన్ చూస్తే మీ ఏడాది బడ్జెట్‌ని మించిపోయింది. ఆ కొటేషన్ పక్కన పెట్టు. మీ అంత సంస్థకి అంత డబ్బు అక్కర్లేదు, కానీ నీ టైమూ, నలుగురి దగ్గర కూర్చుని అడిగే ఓపికా మాత్రం బాగా కావాలి.

ముందు సర్వర్ జోలికి వెళ్లకు. ఓపీ కౌంటరు, ఫార్మసీ, ల్యాబ్, అకౌంట్స్, అందరి దగ్గరికీ వెళ్లి రెండే అడుగు: సిస్టమ్ ఆగిపోతే ఎంతసేపు నెట్టుకురాగలరు, ఎన్ని గంటల ఎంట్రీలు పోతే మళ్లీ కొట్టుకోగలరు. ఒక్క నిమిషం కూడా ఆగకూడదనే అంటారు అందరూ. అప్పుడు ఇంకోలా అడుగు, మొన్న సర్వర్ డౌన్ అయిన రోజు ఏం చేశారమ్మా అని. చీటీలు చేత్తో రాశాం, మర్నాడు ఎక్కించాం అంటారు చూడు, అంటే ఓపీ ఒక రోజు ఆగగలదన్నమాట. ఫార్మసీ వాళ్లు బ్యాచ్ నంబర్లూ స్టాకూ కనపడకుండా పూట కూడా గడవదనొచ్చు. డబ్బు ఎక్కడ పెట్టాలో అక్కడే తేలిపోతుంది. ఓపీ ఫారాలూ రసీదు పుస్తకాలూ ముందే ప్రింట్ తీయించి కౌంటర్లో పెట్టించు, ఇంతకంటే చవకైన ఏర్పాటు లేదు.

హుద్‌హుద్ తుఫాను సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. అప్పుడు నేను వైజాగ్‌లో పనిచేస్తున్న ఆఫీసుకి మేం చేరేసరికి రెండు రోజులైంది, దారంతా కూలిన చెట్లే, ఫోన్లు లేవు, కరెంటు లేదు. సర్వర్ రూమ్ అద్దాలు పగిలి వాన సూటిగా లోపలికి కొట్టింది. బ్యాకప్ డిస్క్ ఎక్కడుందంటే అదే గదిలో, సర్వర్ పక్కనున్న టేబుల్ సొరుగులో. అదృష్టం, సొరుగు తడిసినా డిస్క్ ప్లాస్టిక్ కవర్లో ఉండటంతో బతికింది. జనరేటర్ ఉన్న ఇంకో ఆఫీసుకి తీసుకెళ్లి లాప్‌టాప్‌కి పెడితే తెరుచుకుంది కూడా. తెరుచుకుని పాస్‌వర్డ్ అడిగింది. ఆ పాస్‌వర్డ్ నోట్‌ప్యాడ్ ఫైల్లో ఉంది, ఆ ఫైలేమో నీళ్లు కారుతున్న సర్వర్ డెస్క్‌టాప్ మీద ఉంది. బదిలీ అయి వెళ్లిపోయిన ఒక సహోద్యోగి పాత డైరీలో అది దొరికేదాకా మూడు రోజులు మాలో ఎవరికీ అన్నం సయించలేదు.

అందుకే చెప్తున్నా, పాస్‌వర్డ్లు, లైసెన్స్ కీలు, సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ల ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అతికించి, ఒకటి సెక్రటరీ గారి బీరువాలో, ఇంకోటి ఊరవతల ఉండాలి. డిస్క్ కూడా అంతే. రెండు కొను, వారానికోసారి మార్చుకోండి, ఒకటి ఆసుపత్రిలో ఉంటే రెండోది బయట ఉండాలి. బయట అంటే ఎంత బయట? 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగినప్పుడు మీ విజయవాడలో ఏమైందో నాకంటే నీకే బాగా తెలుసు. ఆఫీసు సింగ్ నగర్‌లో, డిస్క్ దాచిన ఇల్లు పాయకాపురంలో అయితే రెండూ ఒకే నీళ్లలో మునుగుతాయి. గుంటూరులో మీ ట్రస్టు సభ్యుడు ఒకరున్నారన్నావు కదా, అక్కడ పెట్టు. రోగుల వివరాలు ఉంటాయి కాబట్టి ఎన్‌క్రిప్ట్ చేయకుండా (పాస్‌వర్డ్ లేనిదే ఎవరూ చదవలేని రూపంలోకి మార్చకుండా) ఆ డిస్క్ గుమ్మం దాటకూడదు. ఆసుపత్రిలో ఉండే డిస్క్‌ని కూడా బ్యాకప్ అవగానే పీకేయి. రోజంతా తగిలించి ఉంచితే ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే రాన్‌సమ్‌వేర్ వచ్చిన రోజు సర్వర్‌తో పాటు దాన్నీ తినేస్తుంది.

గూగుల్ డ్రైవ్‌కి సింక్ అవుతోంది కదా అన్నావు, అది బ్యాకప్ కాదురా. ఇక్కడ ఫైల్ చెడితే చెడిన ఫైలే అక్కడికీ వెళ్తుంది, ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది, ట్రాష్‌లో ముప్పై రోజులే ఉంటుంది. క్లౌడ్‌లో ఇంకో కాపీ పెట్టుకో, తప్పకుండా పెట్టుకో, కానీ వెనక్కి తెచ్చుకోవడానికి ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకో. 500 జీబీని 40 ఎంబీపీఎస్ లైన్ మీద దించాలంటే ఎక్కడా తెగకుండా సాగినా దాదాపు 28 గంటలు. ఫార్మసీ అన్ని గంటలు ఆగదు కాబట్టి డిస్కే ముందు.

మీ ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ అనే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ మీద నడుస్తోందన్నావు. అది ఉచితం, మంచిదే, కానీ అందులో ఏజెంట్ ఉండదు, అంటే టైముకి బ్యాకప్ దానంతటది తీసుకోదు. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో చిన్న స్క్రిప్ట్ పెట్టి రాత్రి పూట తీయించు. ఫార్మసీ డేటాబేస్‌కి మధ్యాహ్నం కూడా ఒకటి. డేటా ఫైళ్లని నడుస్తుండగా కాపీ కొట్టి అదే బ్యాకప్ అనుకోవద్దు. కొత్త వెర్షన్‌లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లో ఎక్కదు, అందుకని ఇన్‌స్టాలర్ కూడా డిస్క్‌లోనే ఉంచు.

ఇప్పుడు అసలు పని, రిస్టోర్, అంటే బ్యాకప్ నుంచి అన్నీ తిరిగి ఎక్కించడం. స్టోర్ రూమ్‌లో మూలపడిన డెస్క్‌టాప్ ఒకటుందని చెప్పావు. దాన్ని పూర్తిగా తుడిచి, సర్వర్ కాలిపోయిందనుకుని, గుంటూరు డిస్కూ కవర్లోని కాగితమూ తప్ప ఇంకేదీ ముట్టుకోకుండా ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ లేపి చూడు. గడియారం చూసి మొదలుపెట్టు, ఎక్కడ ఆగావో రాసుకుంటూ వెళ్లు. 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశాడు. ఐదు రకాల ఏర్పాట్లున్నా ఒక్కటీ సరిగా పనిచేయలేదు. బ్యాకప్ ఫెయిలవుతోందని చెప్పే మెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. అంతకు ఆరు గంటల ముందు ఎవరో చేత్తో తీసిన కాపీ వాళ్లని కాపాడింది. జరిగిందంతా వాళ్లే దాచకుండా బయటపెట్టారు. అంత పెద్ద బృందానికే అలా జరిగింది, నువ్వు ఒక్కడివి. అందుకే మూడు నెలలకోసారి ఈ పని చేయాలి, రెండోసారి నువ్వు కాదు, ల్యాబ్‌లో కంప్యూటర్ తెలిసిన ఆ అమ్మాయి నీ కాగితం చూసి చేయాలి, నువ్వు పక్కన కూర్చుని నోరు మెదపకూడదు. ఆ అమ్మాయి ఎక్కడ ఆగిపోతే అక్కడ నీ కాగితంలో ఒక లైన్ తక్కువైందని అర్థం. నీకు జ్వరమొచ్చిన రోజే సర్వర్ పోవచ్చు కదా.

సెక్రటరీ గారికి ఇరవై పేజీల రిపోర్టు ఇవ్వకు. రిస్టోర్‌కి ఎన్ని గంటలు పట్టింది, ఎంత డేటా పోయింది, అది తగ్గించాలంటే ఏం కొనాలి, ఒక పేజీ చాలు. అప్పుడు కొనమన్నా కాదనరు.

వచ్చే నెల రెండో ఆదివారం విజయవాడ వస్తున్నా. ఆ డెస్క్‌టాప్ తుడిచి సిద్ధంగా ఉంచు, గుంటూరు డిస్క్ నేను దారిలో పట్టుకొస్తా. అక్కని అడిగానని చెప్పు.

మీ మావయ్య