ఆటోనగర్ పరిచయాలు ఆపదలో అక్కరకు రావాలంటే

చిరంజీవి మేనల్లుడికి, మీ మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

బెజవాడ ఆటోనగర్‌లో మన పనివారి సంఘానికి నిన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారని మీ అమ్మ చెప్పగానే ఎంతో సంతోషించాను. వానలు ముదరకముందే, ఆపద వస్తే సంఘం తరఫున ఏం చేయాలో చెప్పమని నువ్వు అడిగావు. అది ఫోనులో నాలుగు మాటలతో తేలే విషయం కాదు కనుక రాస్తున్నాను. ముప్పై ఏళ్లకు పైగా వెల్డింగ్ పనిలో ఉండి, 2021లో కరోనా రెండో ఉద్ధృతినీ, 2024లో బుడమేరు వాగు వరదనూ ఈ ఊళ్లోనే చూసినవాడిగా నాకు తెలిసింది ఇంతే. ఎవరినైనా వారి వృత్తిలో వారు చేయగలిగిన పనే అడగాలి. అడిగినదానికి వారు వెంటనే అవునో కాదో చెప్పగలగాలి. ఆ పని పూర్తయ్యేదాకా మనలో ఒకరు దానికి పూచీగా నిలబడాలి.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. 2021 ఏప్రిల్ నెలాఖరున ఆక్సిజన్ దొరికే చోట్లంటూ ఒక నంబర్ల జాబితా నాకు వాట్సాప్‌లో వచ్చింది. అందులో ఒక్కదానికి కూడా ఫోన్ చేయకుండా, కింద నా పేరు చేర్చి, తెలిసినవాళ్లందరికీ పంపాను. రెండు రోజుల తరువాత అర్ధరాత్రి ఒకామె ఫోన్ చేసి, జాబితాలోని నంబర్లన్నీ వరుసగా ప్రయత్నించాననీ, కొన్ని ఎత్తడం లేదనీ, కొందరు తమ దగ్గర ఎన్నడూ సిలిండర్లు లేవంటున్నారనీ, చివరికి మిగిలిన పేరు నాదేననీ చెప్పింది. ఆమె గొంతు వెనుక ఎవరో ఎగశ్వాస తీస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆమె ఆ రాత్రి పోగొట్టుకున్న మూడు గంటలూ నా వల్ల పోయినవే. అందుకే చెబుతున్నాను, నువ్వు స్వయంగా మాట్లాడి నిర్ధారించుకోని నంబరును ఎవరికీ పంపవద్దు. పంపిన ప్రతి నంబరు పక్కన ఏ రోజు, ఏ గంటకు మాట్లాడావో రాయి. సాయంత్రానికి దాన్ని మళ్లీ సరిచూడు.

ఆ మరునాడే మన వెల్డింగ్ షాపుల వాళ్లం కూర్చున్నాం. ఏప్రిల్ 22 నుంచి కొన్ని మినహాయింపులతో పరిశ్రమలకు ఆక్సిజన్ సరఫరాను కేంద్రం ఆపివేసింది గనుక మా సిలిండర్లు ఊరికే పడి ఉన్నాయి. వాటిని నేరుగా రోగుల ఇళ్లకు పంపేద్దామని మాలో చాలామంది ఆవేశపడ్డారు. గ్యాస్ నింపే ప్లాంటులో ఏళ్ల తరబడి పనిచేసిన ఒక పెద్దాయన మమ్మల్ని ఆపారు. వెల్డింగుకు వాడిన సిలిండరును లోపల శుభ్రం చేసి, వాల్వు పరీక్షించి, అనుమతి ఉన్న ప్లాంటులో వైద్య ఆక్సిజనే నింపాలనీ, వాల్వు మీద నూనె గానీ గ్రీజు గానీ అంటిన చేయి పడితే అధిక పీడనంలో ఉన్న ఆక్సిజన్ తగిలి ఆ జిడ్డుకు నిప్పు అంటుకోవచ్చనీ ఆయన చెప్పారు. మన షాపుల్లో గ్రీజు అంటని చేయి ఉంటుందా? అందుకని ఖాళీ సిలిండర్లను అధికారులకు చెప్పి ప్లాంటుకు అప్పగించడం, వాటిని మోసే ఆటోలు చూడడం వరకే మేము పెట్టుకున్నాం. మంచి మనసు ఒక్కటే చాలదు, ఆ పని తెలిసినవాడి మాట వినాలి.

పని తెలిసినవాడి విలువ మరో చోటా కనిపించింది. ఒక ఇంటికి సిలిండర్ చేరింది గానీ, పీడనం తగ్గించి ఆక్సిజన్ వదిలే రెగ్యులేటర్ దానికి బిగియలేదు. పెద్ద సిలిండరుకు బుల్‌నోస్ వాల్వు ఉంటుంది, చిన్నవాటిలో కొన్నింటికి పిన్ ఇండెక్స్ ఉంటుంది, ఒకదాని రెగ్యులేటర్ మరొకదానికి పట్టదు. సిలిండర్ తెరిచే కీ చేతిలో పట్టుకుని ఆ ఇంటి కుర్రవాడు ఏడుస్తున్నాడు. అప్పటినుంచి ఎవరు అడిగినా మేము వరుసగా అడిగేవాళ్లం: నిమిషానికి ఎన్ని లీటర్లు పెట్టమన్నారు, వాల్వు ఏది, రెగ్యులేటరూ, ఆక్సిజన్ ఎంత పోతోందో చూపే ఫ్లోమీటరూ ఉన్నాయా, సిలిండర్ తెరిచి మూసే కీ ఉందా, ఇంట్లో కరెంటు ఉంటుందా. ఏడు వేల లీటర్ల పెద్ద సిలిండర్ నిమిషానికి పది లీటర్ల చొప్పున పన్నెండు గంటలు కూడా రాదు. ఈ లెక్క ముందే చెబితే రెండో సిలిండర్ ఎప్పటికి కావాలో ఆ కుటుంబానికి తెలుస్తుంది. "ఎవరైనా సాయం చేయండి" అని పెట్టిన సందేశానికి చేతులు జోడించిన బొమ్మలు వస్తాయి. "బుల్‌నోస్ రెగ్యులేటర్ ఒకటి, రాత్రి ఎనిమిదిలోపు, ఫలానా పేటకు" అని పెట్టినదానికి రెగ్యులేటరే వస్తుంది.

వరద సంగతి వేరు. 2024 సెప్టెంబరు 1న అందరి చూపూ ప్రకాశం బ్యారేజీ వైపు ఉంటే, నీళ్లు బుడమేరు గండ్ల గుండా వచ్చి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లను ముంచేశాయి. అన్నం పొట్లాలు పంచడానికి ఎందరో ముందుకొచ్చారు, అది గొప్ప పనే. కానీ నీళ్లు తీసిన తరువాత వేలకొద్దీ బండ్లు బురదలో మిగిలినప్పుడు, మనవాళ్లు తప్ప మరెవరూ చెప్పలేని మాట ఒకటుంది: మునిగిన బండిని స్టార్ట్ చేయవద్దు. ఇంజను సిలిండరులో చేరిన నీరు అణగదు గనుక పిస్టన్ దాన్ని గుద్దుకుని కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్రత్యేకంగా ఇంజనుకూ బీమా (ఇంజన్ కవర్) తీసుకోని పాలసీ అయితే, స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టమని బీమావాళ్లు క్లెయిము తిరస్కరించవచ్చు. నీరు ఏ మట్టం దాకా వచ్చిందో కనిపించేటట్లు ఫోటో తీసి, బీమా కంపెనీకి తెలియజేసి, తోసుకుని గానీ లాగించుకుని గానీ తెమ్మని చెప్పాలి. ఈ మాటను సంఘం తరఫున ఆటోడ్రైవర్లకు మొదటి రోజే చేర్చగలిగితే, అప్పుచేసి బండి కొన్నవాడి బతుకు నిలుస్తుంది. అలాగే, నష్టం లెక్కకట్టే బీమా సర్వేయర్‌ను ఒక్కొక్క ఇంటికి తిరగమని ప్రాధేయపడే కన్నా, ఇరవై బండ్లను ఒక ఖాళీ స్థలంలో చేర్చి కాగితాలు సిద్ధం చేసి పిలిస్తే ఒక్క పూటలో చూసి వెళ్తాడు. నీకు తెలిసిన సర్వేయర్‌ను అడగవలసిన సాయం అదే. నియమం తప్పి నష్టం ఎక్కువ రాయమని మాత్రం ఎన్నటికీ అడగకు. మరుసటి ఏడు అతను నీ ఫోను ఎత్తడు, ఎత్తకపోవడం న్యాయమే.

డబ్బు విషయంలో కఠినంగా ఉండు. కరోనా రోజుల్లో ఒక వ్యాపారి నా పరిచయం మీద వచ్చినవారి దగ్గరే రెగ్యులేటరుకు మూడింతలు తీసుకున్నాడని ఆలస్యంగా తెలిసింది. ఆ తేడా నా జేబులోంచి ఇచ్చి, అతని పేరు నా పుస్తకంలోంచి కొట్టేశాను. ఎవరినైనా ఎక్కడికైనా పంపేముందు ధర నువ్వే మాట్లాడి, ఇద్దరికీ ఒకే అంకె చెప్పు. రోగి పేరు, చిరునామా, రిపోర్టులు గ్రూపుల్లో పెట్టవద్దు. పేట పేరూ, కావలసిన వస్తువూ చాలు, మిగతాది ఇచ్చేవానికే చెప్పాలి. వస్తువు చేరగానే "చేరింది, ఇక వద్దు" అని అదే చోట రాయి. లేకపోతే అదే ఇంటికి తెల్లారేదాకా ఫోన్లు వస్తూనే ఉంటాయి.

సాయం చేసినవారికి పది రోజుల తరువాత ఫోన్ చేసి, వారిచ్చిన వస్తువు ఎవరికి ఎలా ఉపయోగపడిందో చెప్పు, అరువు తెచ్చినది తిరిగి చేర్చు. కష్టం లేనప్పుడు కూడా వాళ్ల షాపు ముందు ఆగి టీ తాగు.

వచ్చే ఆదివారం ఒక లాంగ్‌బుక్ తెచ్చుకుని ఇంటికి రా. నా పాత పుస్తకంలో జనరేటర్లు, పంపుసెట్లు, క్రేన్లు, ఎలక్ట్రీషియన్లు, గ్యాస్ ప్లాంట్లు అని విడివిడి పేజీలున్నాయి. కొందరు కాలం చేశారు, కొందరు వ్యాపారం మానేశారు. మొదటి పేజీనుంచి ఒక్కొక్కరికీ ఇద్దరం కలిసి ఫోన్ చేసి, ఎత్తినవారి పేర్లే నీ పుస్తకంలో ఎక్కిద్దాం.

ఇట్లు,
మీ మామయ్య